లాభాల రేటు లొల్లి

"నిజ వేతనం, అంటే కూలి డబ్బుతో కొనగలిగే సరుకుల మొత్తం, మారదనుకుందాం" అంటూ మార్క్సిస్టు స్టడీ సర్కిల్ కుర్రాడు బోర్డు మీద జపాన్ ఆర్థికవేత్త ఒకిషియో లెక్క మొదలుపెట్టగానే సగంమంది మొహాలు మాడిపోయాయి. 1961 నాటి లెక్క అది. ఖర్చు తగ్గించే కొత్త యంత్రం వస్తే సగటు లాభాల రేటు (పెట్టిన పెట్టుబడి మీద వచ్చే లాభం శాతం) పెరుగుతుందే గానీ తగ్గదట! యంత్రాలు పెరిగేకొద్దీ లాభాల రేటు పడిపోతూ ఉంటుందని మార్క్స్ చెప్పినదానికి పూర్తిగా తలకిందులు.

వెనక కూర్చున్న పెద్దాయన ఊరుకుంటారా? "యంత్రం కొన్ననాటి ధర వేరు, సరుకు అమ్మేనాటి ధర వేరు. రెండూ ఒకటేనని లెక్కేస్తే ఎలా అబ్బాయ్?" మార్క్స్ పక్షాన వాదించే ఆర్థికవేత్త ఆండ్రూ క్లైమన్ పట్టుబట్టేదీ దాదాపు ఇదే.

ఇంకొకరు, మార్క్స్ ఆ మాట రాసిన పుస్తకం, 1894లో ఎంగెల్స్ అచ్చువేయించిన 'పెట్టుబడి' మూడో సంపుటి అసలు మార్క్స్ పూర్తిచేయని చిత్తుప్రతే కదా అన్నారు. నిజమే, కానీ దాంతో లెక్క తేలదుగా.

నాకైతే పెద్దాయన మాటలోనే పస కనిపించింది. అప్పుచేసి కొన్న యంత్రం రెండేళ్లకే చవకైపోతే, ఆ నష్టం కుర్రాడి లెక్కలో ఎక్కడ రాయాలి?