బద్ధకం కాదు, ఎముక అరిగింది: భుజం కీలు మార్పిడిలో నా అనుభవం

కుడి చేయి ఇంకా స్లింగులోనే ఉంది. ఎడమ చేత్తో ఒక్కో అక్షరమూ కొట్టుకుంటూ రాస్తున్నాను, కోపం చల్లారితే సగం వదిలేస్తానని.

ఆపరేషన్ గురించి చెప్పాల్సింది తక్కువ. మెడ పక్కన నరాలకు మత్తిచ్చారు, ఆపైన పూర్తి మత్తు, మెలకువ వచ్చేసరికి పని అయిపోయింది. గొంతు బొంగురుపోవచ్చు, ఆ వైపు కనురెప్ప వాలవచ్చు, ఊపిరి చాలనట్టు అనిపించవచ్చు, మత్తు దిగితే తగ్గుతాయి అని మత్తు డాక్టరు ముందే చెప్పారు. అందుకే రెప్ప వాలినా భయపడలేదు.

నన్ను నలిపేసింది అంతకు ముందటి కాలం.

మొదట చూసిన డాక్టరు ఎదురు నుంచి ఒకే ఒక ఎక్స్‌రే తీయించి, "వయసుతో వచ్చే అరుగుదల, దానికి తోడు ఫ్రోజెన్ షోల్డర్, అంటే భుజం బిగుసుకుపోవడం. వ్యాయామం చేయండి" అని పంపేశారు. చేశాను. పళ్లు బిగబట్టి చేశాను. ఫిజియోథెరపీలో చేతిని బయటి వైపుకు తిప్పబోతే ఒకచోట ఠక్కున ఆగిపోయేది, లోపల కరకరమనేది. "ఇంట్లో చేయడం లేదు కదూ?" అనేవారు ఫిజియోథెరపిస్టు. చేస్తున్నానంటే నమ్మలేదు. ఒకరోజు గదిలో అందరూ వింటుండగా, "మీకన్నా పెద్దవాళ్లు చేతులెత్తుతున్నారు. మీది నొప్పి కాదు, బద్ధకం" అన్నారు. తల దువ్వుకోలేక, ఆ పక్కకు ఒత్తిగిలలేక, బట్టలు వేసుకోవడానికి సాయం అడుగుతున్న మనిషిని పట్టుకుని అన్న మాట అది. నా కాగితాల మీద "సహకరించడం లేదు" అని రాశారు. తరువాత ఎవరి దగ్గరికి వెళ్లినా ముందు ఆ వాక్యమే చదివేవారు. మనిషి ఒంట్లోకి తొంగిచూడకుండా మనసు మీద తీర్పు చెప్పే హక్కు వైద్యానికి ఎవరిచ్చారు?

చివరికి ఒక సర్జన్ ఆ కాగితం పక్కన పెట్టి, చేయి కాస్త పక్కకు జరిపించి చంక వైపు నుంచి ఎక్స్‌రే తీయించారు. వెంటనే సీటీ స్కాన్ రాశారు. చేతి ఎముక తల బంతిలా ఉంటుంది, దాన్ని పట్టే గిన్నె రెక్క ఎముకది. నా గిన్నె వాడి వాడి ఒక వైపే గుంతపడిన రోలులా ఉంది. వెనక అంచు అరిగి రెండో గుంత ఏర్పడింది, బంతి అందులోకి జారిపోయింది. ఈ గిన్నె అరుగుదలను రకాలుగా విడగొట్టే వాల్ష్ వర్గీకరణలో దీన్ని బీ2 అంటారట. ఎదురు నుంచి తీసిన ఎక్స్‌రేలో ఈ వెనక అరుగుదల సరిగా తెలియదు. ఎముకకు ఎముక అడ్డుపడుతున్న చేతిని ఎంత తిప్పితే మాత్రం తిరుగుతుంది!

అరుగుదల కొద్దిగా ఉంటే ఎత్తుగా ఉన్న వైపు చెక్కి సరిచేస్తారు. ఇంకాస్త ఉంటే, తీసేసిన బంతి ఎముక ముక్కనే అతుకుగా వేస్తారు, లేదా ఒక వైపు మందంగా ఉండే గిన్నె అమరుస్తారు. నాకు రివర్స్ పద్ధతి పెట్టారు: బంతి గిన్నె వైపుకు, గిన్నె చేతి వైపుకు. దీని ఆధునిక రూపాన్ని 1980ల్లో ఫ్రాన్స్‌లో పాల్ గ్రామోన్ రూపొందించారు. ఇందులో భుజం పైనున్న డెల్టాయిడ్ కండరమే చేతిని ఎత్తుతుంది. కండరాలను ఎముకకు పట్టి ఉంచే నా స్నాయువులు బాగానే ఉన్నా, ఇంత అరిగిన ఎముక మీద మామూలు ప్లాస్టిక్ గిన్నె త్వరగా వదులయ్యే ప్రమాదముందని సర్జన్ బొమ్మ గీసి చూపించారు.

ఈ దారిలో ఉన్నవారికి: చంక వైపు ఎక్స్‌రే లేకుండా ఎవరైనా ఫ్రోజెన్ షోల్డర్ అంటే, అడిగి తీయించుకోండి. మొహమాటం వద్దు. ఆపరేషన్‌కు ముందు 3 నెలల లోపు భుజంలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ పడి ఉంటే తప్పక చెప్పండి, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. మరుగుదొడ్డి పనులు రెండో చేత్తో ముందే అలవాటు చేసుకోండి. ఆపరేషన్ తరువాత ఆ చేయి వీపు వెనక్కి పెట్టకండి, ఆ చేతిని ఊని కుర్చీలోంచి లేవకండి, కీలు జారవచ్చు. ఎడమ చేత్తో గుండీలు పెట్టుకోవడంలో ఇప్పుడు ఇంట్లో నన్ను మించినవారు లేరు.

సీటీ చిత్రాల నకలు మొదటి డాక్టరుకు పంపాను. "సహకరించడం లేదు" అన్న వాక్యాన్ని నా రికార్డులో సరిదిద్దమని ఉత్తరం కూడా జతచేశాను. జవాబు రాలేదు. వచ్చే వారం మళ్లీ రాస్తాను.