విన్నెషీక్ కౌంటీలో మూడు రోజులు: అత్తగారి పుట్టింటి చరిత్ర వెతుక్కుంటూ

అత్తగారి పుట్టిల్లు అయోవా రాష్ట్రం ఈశాన్య మూలన, విన్నెషీక్ కౌంటీలో. ఆమె ముత్తాత నార్వే నుంచి వచ్చి 1850ల్లో అక్కడ 40 ఎకరాలు కొన్నాడు. ఎనభై దాటిన అత్తగారిని వెంటబెట్టుకుని ఆ నేల చూడాలి, ఆమె చిన్ననాటి సంగతులు అక్కడే నిలబడి రికార్డు చేయాలి, వాటిని కాగితాలతో సరిచూసుకోవాలి. మూడు రోజుల ప్రయాణానికి పని ఇది. మన ఇళ్లలోకి అటువైపు కోడళ్లు, అల్లుళ్లు వస్తున్న రోజులు కాబట్టి, ఇలాంటి వెతుకులాట ఎక్కడ ముందుకు సాగుతుందో, ఎక్కడ ఆగిపోతుందో కొంచెం వివరంగా రాస్తున్నాను.

మేం బయల్దేరింది మే నెల మధ్యలో. అక్కడి పల్లెలకు ఇదే సరైన కాలం. మొక్కజొన్న అప్పుడే మొలకెత్తుతుంది కాబట్టి చూపు దూరం దాకా ఆనుతుంది. జులై దాటితే చేలు మనిషిని మించి పెరుగుతాయి. పాత బడి స్థలం, ఇంటి పునాది కనబడవు సరికదా, మట్టి రోడ్ల కూడళ్లలో ఎదురొచ్చే బండి కూడా కనబడదు. మేలో ఇంకో లాభం లైలాక్ పూలు. ఇల్లు కూలి ఎన్నేళ్లయినా, ఒకప్పుడు గుమ్మం పక్కన నాటిన లైలాక్ పొద బతికే ఉంటుంది. చేను మధ్య ఊదారంగు గుబురు, పక్కనే రూబార్బ్ మొక్కలు, గాలికి అడ్డంగా వరసగా చెట్లు కనబడితే అక్కడ ఇల్లు ఉండేదన్నమాటే. అలాంటి చోట అడుగు చూసి వేయాలి. గడ్డిలో పాత బావి మూత కుళ్లిపోయి ఉండొచ్చు.

ప్రయాణానికి ముందు రెండు నెలలు ఇంటి నుంచే చేసిన పని అన్నిటికన్నా ఎక్కువ ఫలితమిచ్చింది. మన దగ్గర పొలం సంగతి తేల్చాలంటే ముందు సర్వే నంబరు అడుగుతాం కదా, అక్కడా అంతే. మనుషుల పేర్లు మారిపోతాయి, అక్షరాలు తప్పుతాయి, భూమి నంబరు మాత్రం మారదు. 1785 నాటి భూమి చట్టం, దానికి తర్వాత వచ్చిన మార్పుల ప్రకారం 6 మైళ్ల చదరం ఒక టౌన్‌షిప్. అందులో 36 సెక్షన్లు, ఒక్కోటి మైలు చదరం, 640 ఎకరాలు. ఈశాన్య మూలలో 1తో మొదలై పడమరకు 6 దాకా వెళ్లి, కింది వరసలో 7 నుంచి తూర్పుకు మళ్లి, ఎడ్లు సాలు తిరిగినట్టు తిరుగుతూ ఆగ్నేయ మూలలో 36తో ముగుస్తుంది. 16వ సెక్షన్ బడుల ఖర్చు కోసం కేటాయించినది. పత్రంలో ‘వాయవ్య క్వార్టర్, నైరుతి క్వార్టర్, సెక్షన్ 22’ అని ఉంటే వెనక నుంచి చదవాలి. 22వ సెక్షన్‌ను నాలుగు చేస్తే నైరుతి ముక్క 160 ఎకరాలు, దాన్ని మళ్లీ నాలుగు చేస్తే వాయవ్య ముక్క 40 ఎకరాలు. ముందు నుంచి చదివితే వేరే పొలంలో నిలబడతారు. ఈ కొలతంతా 66 అడుగుల గొలుసుతో జరిగింది. పది చదరపు గొలుసులు ఒక ఎకరం. మన సెంటు లెక్క కూడా ఆ గొలుసులోంచి వచ్చిందే.

మొదటి యజమాని పట్టా ప్రతిని అమెరికా భూమి నిర్వహణ బ్యూరో వెబ్‌సైటులో ఉచితంగా చూడొచ్చు. ఇక్కడ చాలామంది పొరబడతారు. మిడ్‌వెస్ట్ అనగానే 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం గుర్తొస్తుంది, అయిదేళ్లు కాపురముండి 160 ఎకరాలు సంపాదించుకున్న కథ. అది నెబ్రాస్కా, డకోటాలకు బాగా సరిపోతుంది. ఈశాన్య అయోవాలో మంచి భూమి అప్పటికే చేతులు మారిపోయింది. నార్వే వాళ్లు కౌంటీ ముఖ్యపట్టణం డెకోరా పక్కన వాషింగ్టన్ ప్రెయిరీకి వచ్చింది 1850లో. వాళ్లు ఎకరం డాలరుంపావు చొప్పున నగదిచ్చి కొన్నారు, లేదా మాజీ సైనికులకు ప్రభుత్వం ఇచ్చిన భూమి వారంట్లు (ఇన్ని ఎకరాలు తీసుకోవచ్చన్న పత్రాలు) కొనుక్కుని వాటితో పట్టా తీసుకున్నారు. అందుకే పట్టాలో మొదట ఎవరో సైనికుడి పేరు, తర్వాత మనవాళ్ల పేరు ఉంటాయి. ఆ సైనికుణ్ని చుట్టంగా వంశవృక్షంలో ఎక్కించిన కుటుంబాలున్నాయి. అతను వారంటు అమ్ముకున్న మనిషి, అంతే.

ఓడ కాగితాల కోసం కూడా ఎక్కువ కాలం వెచ్చించక్కర్లేదు. న్యూయార్క్ రేవులో వలసదారులను నమోదు చేసే ఎల్లిస్ ద్వీపం కేంద్రం తెరిచింది 1892లో. 1850ల్లో నార్వే ఓడలు ఎక్కువగా కెనడాలోని క్యుబెక్ రేవుకు వెళ్లేవి. అక్కడి ప్రయాణికుల జాబితాలు దాదాపుగా 1865 నుంచే దొరుకుతాయి. దానికన్నా నార్వేలో పారిష్ (ఒక చర్చి కిందికి వచ్చే ఊళ్లు) చర్చి పుస్తకాల్లో ‘ఊరు విడిచినవారు’ అన్న పట్టిక మేలు. నార్వే డిజిటల్ ఆర్కైవ్ వాటిని ఉచితంగా పెట్టింది.

జనాభా లెక్కల్లో 1850 నుంచి ఇంట్లో ప్రతి మనిషి పేరూ ఉంటుంది. ఇంటి యజమానికి ఏమవుతారన్నది 1880 నుంచి రాశారు. 1890 పుస్తకాలు 1921 నాటి అగ్నిప్రమాదం వల్ల దాదాపుగా లేకుండా పోయాయి. 72 ఏళ్ల గడువు తర్వాతే బయటపెడతారు కాబట్టి ఇప్పుడు దొరికే చివరిది 1950 లెక్క. ఇవి అందరికీ తెలిసినవే. అయోవా సొంతంగా తీసిన 1925 రాష్ట్ర లెక్క మాత్రం నిజంగా నిధి. ప్రతి మనిషికీ తల్లిదండ్రుల పేర్లు, తల్లి పుట్టింటి పేరు, వాళ్ల పెళ్లి ఎక్కడ జరిగిందన్నది కూడా అందులో రాశారు. అత్తగారి నానమ్మ తల్లి పుట్టింటి పేరు మాకు తెలిసింది అక్కడే.

మినియాపొలిస్ నుంచి రోచెస్టర్ మీదుగా 52వ నంబరు రహదారి పట్టుకుంటే ప్రెస్టన్, హార్మొనీ దాటాక అయోవా వస్తుంది. డెకోరాకు సుమారు మూడు గంటలు. అయోవా అంటే బల్లపరుపు నేల అనుకుంటాం, ఈ మూల అలా ఉండదు. చివరి మంచుయుగంలో హిమానీనదాలు ఈ ప్రాంతాన్ని చదును చేయలేదు. సున్నపురాతి కొండలు, లోయలు, అప్పర్ అయోవా నది వంపులు. అందువల్ల సెక్షన్ గీతల వెంట మైలుకో రోడ్డు అన్న లెక్క ఇక్కడ అన్నిచోట్లా పనిచేయదు. సెక్షన్ గీత కొండ మీదుగా పోతుంది, రోడ్డు చుట్టూ తిరుగుతుంది. ఫోన్ సిగ్నల్ లోయల్లో ఉండదు కాబట్టి టౌన్‌షిప్ పటాన్ని కాగితం మీద ముద్రించి తీసుకెళ్లాలి. ‘లెవెల్ బి’ అని బోర్డున్న మట్టి బాటలోకి వాన పడ్డాక కారు దింపకూడదు. ఆ నల్లమట్టి చక్రానికి చుట్టుకుంటే ట్రాక్టరే దిక్కు.

మొదటి రోజు కోర్టుహౌసు. శని, ఆదివారాలు మూసి ఉంటుంది కాబట్టి మా ప్రయాణం శుక్రవారంతో మొదలయ్యేలా చూసుకున్నాం. అయోవాలో దస్తావేజులు, జనన మరణాలు, పెళ్లిళ్లు కౌంటీ రికార్డర్ దగ్గర, వారసత్వ ఫైళ్లు, పౌరసత్వ కాగితాలు జిల్లా కోర్టు క్లర్కు దగ్గర ఉంటాయి. జనన మరణాల నమోదు మొదలైంది 1880 జులైలో, అంతకు ముందువి చర్చి పుస్తకాల్లోనే వెతకాలి. దస్తావేజులకు అమ్మినవారి సూచిక, కొన్నవారి సూచిక విడివిడిగా ఉంటాయి. రెండూ చూడాలి. కొన్నప్పుడు భర్త పేరొక్కటే ఉంటుంది. అమ్మినప్పుడు భార్య తన హక్కు వదులుకుంటూ సంతకం చేయాలి కనుక ఆమె పేరు అక్కడ బయటపడుతుంది. పౌరసత్వ కాగితాల మీద పెద్ద ఆశ పెట్టుకోకూడదు. 1906 సెప్టెంబరుకు ముందువాటిలో తరచుగా ‘స్వీడన్, నార్వేల రాజుకు విధేయత వదులుకున్నాను’ అన్న వాక్యం తప్ప ఊరి పేరు ఉండదు.

రికార్డర్ ఆఫీసు కన్నా తేలిక దారి ఒకటుంది. అయోవాలో పొలం ఉన్న చాలా ఇళ్లలో ‘అబ్‌స్ట్రాక్ట్’ అనే కట్ట ఉంటుంది. ప్రభుత్వం ఇచ్చిన పట్టా దగ్గర్నుంచి ఈనాటి దాకా ఆ భూమి మీద జరిగిన ప్రతి అమ్మకం, తనఖా, వారసత్వం వరసగా రాసిన పుస్తకం అది. మన ఈసీ, లింకు దస్తావేజులు కలిపి కుట్టినట్టు. టైటిల్ ఇన్సూరెన్సు అమ్మకాన్ని ఆ రాష్ట్రం అనుమతించకపోవడం వల్ల ఈ పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. ఇప్పుడు ఆ పొలం చేస్తున్న రైతుకు వారం ముందే ఉత్తరం రాసి, అత్తగారి చిన్ననాటి ఇంటి ఫోటో జత చేసి, అనుమతి అడిగాం. ఆయన వంటింటి బల్ల మీద ఆ కట్ట విప్పి పెట్టాడు. ఒక గంటలో మూడు తరాల వారసుల పేర్లు దొరికాయి.

అందులోనే ఒక చిక్కు కూడా ఎదురైంది. పక్కనున్న 40 ఎకరాలు కొన్న మనిషి ప్రతి కాగితంలోనూ సాక్షిగా ఉన్నాడు. ముత్తాత చనిపోయాక మైనరు పిల్లలకు గార్డియను కూడా అతనే. ఇంటిపేరు మాత్రం వేరు.

రెండో రోజు పొలం మీద. వెళ్లేముందు 1930ల్లో విమానం నుంచి తీసిన ఫోటో, 1875 నాటి ఆండ్రియాస్ అట్లాసు అనే పటాల పుస్తకంలోని ఆ కౌంటీ పటం ముద్రించుకున్నాం. అయోవా స్టేట్ విశ్వవిద్యాలయం పటాల వెబ్‌సైటులో ఈ రెండూ ఉన్నాయి. పెద్దవాళ్ల దగ్గర కూర్చుని ‘మీ బాల్యం గురించి చెప్పండి’ అంటే నాలుగు వాక్యాల్లో అయిపోతుంది. ఫోటో చేతికిచ్చి ‘పాలు ఏ దారిన తెచ్చేవారు?’ అంటే వేలు దానంతటదే కదులుతుంది. వస్తువు గురించో దారి గురించో అడగాలి. ఒక ప్రశ్న అడిగాక పది లెక్కపెట్టేంతసేపు ఊరుకోవాలి. వాయిస్ రికార్డరు కాలరుకు పెట్టి, మైకు మీద స్పాంజి తొడగాలి. అది లేకపోతే ఆ గాలి హోరులో మాట వినబడదు.

అత్తగారు చెప్పిన వాటిలో మీగడ తీసే యంత్రం సంగతి అచ్చంగా ఆమె నోటి నుంచి వినాల్సిందే. పిడి తిప్పుతుంటే గంట మోగుతూనే ఉంటుంది, సరైన వేగం అందుకున్నాక గంట ఆగుతుంది, అప్పుడు పాల కుళాయి తిప్పాలి. గంట మోగుతుండగానే తిప్పితే మీగడ పాలల్లో పోతుంది. లోపలి రేకు పళ్లేలను వరస తప్పకుండా తీగకు గుచ్చి కడగాలి. వరస తప్పితే గిన్నె మూత సరిగా బిగుసుకోదు. కడగడం పిల్లల పని. వేడినీళ్లు తగినంత లేక మీగడ జిడ్డు మిగిలితే మర్నాటికి పులిసిన వాసన, పాలకేంద్రంలో ధర తగ్గేది. ఊళ్లో అందరిదీ ఒకే టెలిఫోను తీగ. రెండు పొడవు గంటలు, ఒక పొట్టి గంట వస్తే వాళ్లింటికి. ఇంకెవరి గంటకైనా ఫోను ఎత్తి వినకూడదని వాళ్లమ్మ చెప్పేది.

బడికి రెండు మైళ్లు నడిచేదాన్నని ఆమె చెప్పింది. అయోవాలో చాలా టౌన్‌షిప్పుల్లో నాలుగు సెక్షన్లకొకటి చొప్పున తొమ్మిది ఒంటిగది బడులుండేవి. పాత ప్లాటు పటంలో (పొలాల హద్దులు, యజమానుల పేర్లు చూపేది) బడి గుర్తు చూసి దూరం కొలిస్తే మైలు, ఇంకో వంద గజాలు. అయినా ఆమె మాట తప్పని కొట్టేయలేదు. కొండ దిగి, వాగు దాటి, మళ్లీ ఎక్కే దారి అది. జనవరిలో ఏడేళ్ల పిల్లకు అది రెండు మైళ్లే. పుస్తకంలో రెండూ రాశాం. ఏది కొలిచింది, ఏది జ్ఞాపకం అన్నది విడిగా గుర్తు పెట్టాం.

పొలం నుంచి రాగానే బట్టలు విప్పి పిడుదుల కోసం వెతుక్కోవాలి, మోకాళ్ల వెనక, చెవుల వెనక మరీ జాగ్రత్తగా. జింక పిడుదులతో లైమ్ జ్వరం వస్తుంది.

ఆ రాత్రి పక్క నలభై ఎకరాల చిక్కు విడింది. నార్వే పల్లెల్లో మనిషికి సొంత పేరు, తండ్రి పేరు, ఉంటున్న పొలం పేరు అని మూడు ఉండేవి. లార్స్ కొడుకు లార్సెన్, కూతురు లార్స్‌దాతర్. పొలం మారితే మూడో పేరూ మారుతుంది. మన ఇంటిపేర్లలో ఊరిపేర్లున్నట్టే, కాకపోతే అక్కడ అది స్థిరం కాదు. శాశ్వత ఇంటిపేరు ఉండాలని నార్వేలో చట్టం వచ్చింది 1923లో. అమెరికా వచ్చాక ఒక అన్న తండ్రి పేరు, తమ్ముడు పొలం పేరు పెట్టుకోవడం మామూలే. ఇక మిగిలిన ఆధారం పిల్లల పేర్లు. పెద్దకొడుక్కి నాన్న తండ్రి పేరు, రెండోవాడికి అమ్మ తండ్రి పేరు అన్నది వాళ్ల ఆచారం. రెండిళ్లలోనూ పెద్దకొడుకు పేరు ఒకటే. బాప్తిజం పుస్తకంలో ఒకరి పిల్లలకు ఇంకొకరు సాక్షులు. నార్వే చర్చి పుస్తకంలో ఊరు విడిచినవారి పట్టికలో ఒకే పొలం నుంచి, ఒకే తండ్రి పేరుతో, ఒకే రోజు ఇద్దరూ ఉన్నారు.

మూడో రోజు ఆదివారం ఉదయం శ్మశానం. రాళ్ల మీద నాచు పట్టి ఉంది. బ్లీచు, వెనిగరు, ఇనప బ్రష్షు, సుద్ద, షేవింగు నురగ ఏవీ వాడకూడదు, పాలరాయి పొడిపొడి అవుతుంది. మంచినీళ్లు, మెత్తటి బ్రష్షు చాలు. కింద నుంచి పైకి తోమాలి, పై నుంచి మొదలెడితే మురికి చారలు దిగిపోతాయి. కదిలే రాయిని ముట్టుకోకూడదు. నీడలో ఉన్న అక్షరాలకు ఒకరు పక్కన నిలబడి అద్దంతో ఎండను ఏటవాలుగా రాయి మీదికి మళ్లిస్తే చదవడానికి వస్తాయి. ‘ఫ్యోట్’ అంటే పుట్టిన తేదీ, ‘డ్యోడ్’ అంటే పోయిన తేదీ, ‘హుస్ట్రు’ అంటే భార్య. తేదీలో రోజు ముందు, నెల తర్వాత, మనం రాసినట్టే. నీలి బూడిదరంగులో, వేలితో తడితే ఖంగుమనే రాయి కనబడితే అది రాయి కాదు, జింకు. దాని మీద అక్షరం నూరేళ్ల తర్వాత కూడా చెక్కుచెదరదు.

ముత్తాత రాయి పాలరాయి, సగం అరిగింది. దాని వెనక వరసలో వేరే ఇంటిపేరుతో జింకు స్తంభం. దాని మీద నార్వేలోని ఆ పారిష్ పేరు స్పష్టంగా ఉంది. అత్తగారు చిన్నప్పుడు మే నెలాఖరున వాళ్లమ్మతో వచ్చి ఇక్కడ పియోనీ పూలు పెట్టేదట. రెండు సమాధులకూ పెట్టేవాళ్లం, ఎందుకో ఎప్పుడూ అడగలేదు, అంది. కారు బానెట్ మీద పటం పరిచి, పెన్సిలు ఆమె చేతికిచ్చాం. రెండు పేర్ల పైన ఒకే తండ్రి పేరు రాసి, రెంటికీ గీత కలిపింది.