పైకెళ్లిన అద్దం కిందికి దిగనంది

బాబాయి కువైట్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన ఫిల్మ్ కెమెరా ఇది, పెంటాక్స్ కె1000. మా ఇంట్లో అన్నప్రాశనలు, పెళ్లిళ్లు సగం దీంతో తీసినవే. మొన్న పిన్ని అటక సర్దుతూ "నీకేమన్నా పనికొస్తుందేమో చూడరా" అని చేతిలో పెట్టింది. ఫిల్మ్ జరిపే లివర్ తిప్పి బటన్ నొక్కాను. టక్ మంది. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ అంతా చీకటి. ఇక వెలుతురు రానేలేదు.

కోఠిలో ఒక షాపుకు తీసుకెళ్తే, ఆయన లెన్స్ కూడా విప్పకుండానే "స్పేర్లు రావట్లేదు సార్, షోకేసులో పెట్టుకోండి" అన్నాడు. ఒళ్లు మండింది. ఇంటికొచ్చి నేనే లెన్స్ విప్పి టార్చ్ వేసి చూశా.

లెన్స్ వెనకుండే అద్దమే వెలుతురును వ్యూఫైండర్‌కు పంపుతుంది, ఫొటో తీసే క్షణంలో పైకి లేచి మళ్లీ దిగాలి. ఆ అద్దం పైకి లేచి అక్కడే అతుక్కుని ఉంది. అది పైకెళ్లి కొట్టుకున్నప్పుడు అదురు తగలకుండా అక్కడో సన్నటి ఫోమ్ పట్టీ ఉంటుంది. ఇన్నేళ్లకు అది కరిగి ఎండలో పెట్టిన తాటిబెల్లంలా తయారైంది. ఇది ఈ ఒక్క మోడల్ సంగతే కాదు, ఆ కాలపు కెమెరాలు చాలావాటిలో ఫోమ్ ఇలాగే బంకవుతుంది. టూత్‌పిక్‌తో అద్దం అంచును మెల్లగా లాగితే చిన్న తీగలు సాగుతూ ఊడొచ్చింది.

శుభ్రం చేయడానికి ఒక సాయంత్రం పట్టింది. కెమెరాను తలకిందులుగా పట్టుకోవాలి. లేకపోతే ఊడిన ముక్కలు లోపల పడతాయి. అద్దం మీద టిష్యూ కప్పా. మన డ్రెస్సింగ్ టేబుల్ అద్దానికి పూత వెనక ఉంటుంది, దీనికి ముందే ఉంటుంది. వేలితో గట్టిగా రుద్దితే పూతే పోతుంది. పైనున్న ఫోకసింగ్ స్క్రీన్, అంటే వ్యూఫైండర్‌లో కనిపించే బొమ్మ పడే పలక, ప్లాస్టిక్‌ది, దానికి ఆల్కహాల్ తగలకూడదు. కాబట్టి ఇయర్ బడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి, పిండి, పట్టీ ఉన్నచోట మాత్రమే తుడిచా. ఎన్ని బడ్స్ నల్లగా అయ్యాయో లెక్కపెట్టలేదు.

కొత్త ఫోమ్ మొదట మూడు మిల్లీమీటర్లది పెట్టి దెబ్బతిన్నా. అద్దం పూర్తిగా పైకి వెళ్లలేక షట్టరే పడలేదు. పీకేసి రెండు మిల్లీమీటర్లది కత్తిరించా. జిగురు వైపు కాస్త ఉమ్మి తడి చేస్తే వెంటనే అతుక్కోదు, ట్వీజర్‌తో అటూ ఇటూ జరుపుకోవచ్చు. చెప్పుకోవడానికి బాగుండదు గానీ భలే పనిచేసింది.

అయిపోయిందనుకున్నా. పది క్లిక్కుల్లో రెండుసార్లు మళ్లీ చీకటే. ఈసారి అద్దం దేనికీ అతుక్కోలేదు, ఊరికే పైన ఆగిపోయింది. షట్టర్ అంటే ఫిల్మ్ ముందుండే రెండు గుడ్డ తెరలు, మొదటిది వెలుతురుకు దారి తెరిస్తే రెండోది మూస్తుంది. వెనక తలుపు తీసి చూస్తే ఆ రెండో తెర చివరిదాకా రాలేదు, అంచున వెంట్రుకంత సందు. ఆ తెర పరుగు పూర్తయితేనే అద్దాన్ని పట్టుకున్న కొక్కెం వదులుతుంది. అంటే ఇన్నాళ్లూ నేను అద్దాన్ని అనవసరంగా తిట్టుకున్నా.

కింది ప్లేటు విప్పా. జపాన్ స్క్రూలకు మామూలు స్టార్ డ్రైవర్ వాడితే తలలు అరుగుతాయి, వాటికి సరిపోయే జేఐఎస్ (జపాన్ ప్రమాణం) రకం తెప్పించుకున్నా. తెర చుట్టుకునే రోలర్ ఇరుసు దగ్గర పాత గ్రీజు ఎండి గోధుమ రంగుకు తిరిగింది. సూది మొనతో లైటర్ ఫ్లూయిడ్ ఒక్క చుక్క. అంతకు మించితే పాత జిడ్డు కరిగి తెర గుడ్డ మీదికి పాకుతుంది. పక్కనే ఉన్న టెన్షన్ స్క్రూ, అంటే తెరను లాగే స్ప్రింగు బిగువు మార్చేది, తిప్పుదామా అని చెయ్యి లాగింది. తిప్పితే షట్టర్ స్పీడ్లు మారిపోతాయి, వదిలేశా.

తర్వాత టీవీ చూస్తూ వందసార్లకు పైగా నొక్కా. "ఆ టకటకలు ఆపరా బాబూ" అని అమ్మ విసుక్కుంది. వందలో ఒక్కసారీ ఆగలేదు. ఫిల్మ్ రోల్ వేసి మొదటి ఫ్రేములో ఆ విసుక్కున్న ముఖాన్నే తీశా. పొద్దున్న చలిగా ఉన్నప్పుడు మాత్రం, షట్టర్ ఒక సెకను తెరిచి ఉండే స్పీడులో తొలి క్లిక్కుకు అద్దం ఇంకా ఒక క్షణం ఆలోచించి దిగుతోంది.