తొమ్మిది గడుల బోర్డు, ఇద్దరు పట్వారీలు

దేవరకొండలో మన బడి వరండా బండల మీద చదరంగం కోసం తొమ్మిదికి తొమ్మిది గడులు గీసింది మేమే. చాక్‌పీస్ గీతలు పూటకే చెరిగిపోతున్నాయని కంపాస్ ముల్లుతో గీకాం. అందుకు గుంజీలు కూడా తీశాం. 1989 టెన్త్ బ్యాచ్ వాళ్లకు గుర్తుండే ఉంటుంది.

ఆ పిచ్చి అంటించింది లెక్కల సారు. "వజీరుకు ఏనుగు నడక, ఒంటె నడక రెండూ ఉన్నయ్. మరి ఏనుగూ గుర్రం కలిసిన పావేదిరా?" అని అడిగారు ఒకరోజు. (మంత్రిని మేం వజీరు అని, శకటును ఒంటె అని అనేవాళ్లం.) లేదన్నాం. "ఉంది. దాన్ని నిలబెట్టాలంటే ఇంకో వరస గడులు గావాలె" అన్నారు. పేరు మాత్రం చెప్పలేదు. అమెరికాలో సెయింట్ లూయిస్‌కు చెందిన బెన్ ఫోస్టర్ అనే ఆయన 1887లో తెచ్చిన ఛాన్సలర్ చెస్ అదేనని నాకు తెలిసేసరికి ఉద్యోగంలో చేరి చాలా ఏళ్లయింది.

పేరు మేమే పెట్టుకున్నాం, పట్వారీ అని. నిటారుగా ఎంత దూరమైనా పోతాడు, అవసరమైతే పక్కకు దూకుతాడు. ఊరి భూముల లెక్కలు రాసే పట్వారీల ఉద్యోగాలు రద్దయి అప్పటికి కొన్నేళ్లే అయింది కాబట్టి పెద్దవాళ్లు కూడా విని నవ్వారు. రెండువైపులా ఒక్కో పట్వారీ, ఒక్కో బంటు ఎక్కువ కావాలి. బంట్లకు చింతగింజలు తెచ్చాం. నల్లవైపుకు ఉన్నది ఉన్నట్టే, తెల్లవైపుకు బండకేసి తెల్లగా అరగదీసి. అరగదీసిన గింజ భగ్గుమంటుంది కదా, దాన్ని పక్కవాడి మోచేతికి అంటించడంలోనే సగం లీజర్ పీరియడ్ అయిపోయేది. పట్వారీలకు ఇంకు సీసాల మూతలు.

మూడు రోజులు ఆడాం. నా ఒంటెలు రెండు కలిసినా సగం బోర్డు జోలికి పోవడం లేదు. నాకు ఆట రాదనే అనుకున్నాను. గీకిన గీతలకు రంగులుండవు, అసలు చిక్కంతా అక్కడే. మేం ఆటలో చేర్చుకోని మా క్లాసు అమ్మాయి ఒకతె స్తంభానికి ఆనుకుని రోజూ చూసేది. నాలుగో రోజు చాక్‌పీస్ తెచ్చి, మాట్లాడకుండా గడి విడిచి గడి తెల్లగా నింపింది. నాలుగు మూలలూ తెల్లనే. తెల్లవి 41, మిగిలినవి 40. "నీ ఒంటెలు రెండూ తెల్లగళ్లల్లనే తిరుగుతున్నయ్ గదా" అంది.

మామూలు బోర్డు మీద రెండు ఒంటెలు చెరో రంగులో ఉంటాయి. మధ్యలో ఒక గడి పెరిగేసరికి రెండూ ఒకే రంగులో పడ్డాయి. ఆమే ఒకవైపు ఒంటెను, గుర్రాన్ని అటూ ఇటూ మార్చింది. ఫోస్టర్ చేసిందీ అదే! ప్రపంచ చాంపియన్ కాపబ్లాంకా 1920లలో పదికి ఎనిమిది గడులు వేసి, రెండు కొత్త పావులు పెట్టాడు. వరసలో పది గడులుంటే ఈ గొడవే రాదు.

ఇక చేర్చుకోక తప్పలేదు. మొదటి ఆటే నాతో. ఆమె పట్వారీ వచ్చి నా రాజుకు నిటారుగా షా (చెక్) చెప్పింది. పక్కకు జరిపాను. అప్పుడు చూశాను, అదే గడి నుంచి గుర్రంలా దూకితే నా వజీరు. ఎత్తి తన ఒడిలో వేసుకుంది.

సారుకు చెబితే "నాలుగు రోజులు పట్టిందా?" అన్నారు.

పట్వారీ అయిన ఆ నీలం మూత నా సీసాదే. మూత లేని సీసా సంచిలో ఒలికి, హాఫ్ ఇయర్లీకి ముందు నా లెక్కల నోట్సు సగం నీలమైంది.