ఇంటి భాష గడిలో తెలుగు అని రాశాను: మా బాబు ప్రీస్కూల్ అడ్మిషన్, నా అనుభవం

మేముండేది అమెరికాలో, మసాచుసెట్స్ రాష్ట్రంలో. బాబుకి జులైలో మూడేళ్ళు నిండుతాయని జనవరిలోనే మా ఊరి పబ్లిక్ ప్రీస్కూల్‌కి అప్లై చేశాం. కిండర్‌గార్టెన్‌లా ఇందులో అందరికీ సీటు ఉండదని నాకు అప్పటిదాకా తెలియదు. మూడేళ్ళు నిండిన ప్రత్యేక అవసరాల పిల్లల బాధ్యత చట్టప్రకారం పబ్లిక్ స్కూళ్ళదే, కాబట్టి ముందు సీట్లు వాళ్ళకి, మిగిలినవాటికి మాలాంటివాళ్ళని లాటరీ తీసి, ఫీజు కట్టించుకుని చేర్చుకుంటారు. ఆరేడుగురు అలాంటి పిల్లలుంటే క్లాసులో మొత్తం 15 మందిని మించకూడదు. అంటే మాకు మిగిలేవి ఎనిమిదో తొమ్మిదో. వెయిటింగ్ లిస్టులో పడ్డాం, జూన్ చివర్లో ఎవరో ఊరు మారితే ఫోన్ వచ్చింది.

ఆ తర్వాత టీకాల కార్డు దగ్గర ఆగిపోయాం. బాబు రెండేళ్ళదాకా ఇండియాలో మా అమ్మ దగ్గర పెరిగాడు. 9 నెలలకి వేయించిన ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా టీకా) ఇక్కడ లెక్కలోకి రాదు, మొదటి పుట్టినరోజు తర్వాత వేసిందే లెక్క. రెండో డోసు నవంబర్ 4న వేయించాం, కార్డులో 04/11 అని ఉంది, ఇక్కడ నెల ముందు రాస్తారు కాబట్టి దాన్ని ఏప్రిల్ 11 అని చదివి, అప్పటికి వాడికి ఏడాది నిండలేదని అది కూడా చెల్లదన్నారు. నాకు ఒకటే టెన్షన్. చివరికి పిల్లల డాక్టర్ తేదీలన్నీ నెల పేర్లతో రాసి సంతకం చేసిచ్చాకే ఒప్పుకున్నారు. ఇండియా కార్డు ఉన్నవాళ్ళు దయచేసి ఈ పని ముందే చేయించుకోండి.

ఫారంలో జాతి గురించి రెండు ప్రశ్నలు. హిస్పానిక్ (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్ళు) అవునా కాదా అని ఒకటి, తర్వాత ఐదు గడులు, వాటిలో మనది ఏషియన్. చైనావాళ్ళు, వియత్నాంవాళ్ళు, మనం, అందరం అందులోనే. ఖాళీగా వదిలేద్దామంటే, అప్పుడు స్కూలువాళ్ళే పిల్లాణ్ణి చూసి ఏదో ఒకటి నింపుతారట. అంతకంటే నేనే టిక్ పెట్టడం నయం అనిపించింది.

అసలు ఎక్కువసేపు ఆగింది తర్వాతి పేజీలో, ఇంట్లో మాట్లాడే భాష ఏదన్న దగ్గర. తెలిసినవాళ్ళంతా ఇంగ్లిష్ అని రాసేయమన్నారు, లేకపోతే ఇంగ్లిష్ పరీక్ష పెట్టి వేరే గుంపులో వేస్తారని. మా ఆయన కూడా "ఎందుకొచ్చిన గొడవ, ఇంగ్లిష్ అని పెట్టేయ్" అన్నారు. కానీ వాడికి అప్పటికి ఇంగ్లిష్‌లో పది మాటలు కూడా రావు. అబద్ధం రాస్తే, వాడు నోరు విప్పకపోతే మాటలు రాని పిల్లాడనుకోరూ? స్కూలు ఆఫీసులో అడిగితే, పరీక్షలో భాషాసాయం కావాలని తేలినా వద్దనే హక్కు తల్లిదండ్రులకి ఉంటుందని, మాకు కావాలంటే దుబాసీని కూడా వాళ్ళే ఉచితంగా పెడతారని చెప్పారు. తెలుగు అని రాసిచ్చాను.

స్కూలు మొదలయ్యే ముందు వారం టీచర్ ఫోన్ చేసి, బాబు రోజూ వాడే తెలుగు మాటలు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసి పంపమని అడిగారు. నీళ్ళు, ఆకలి, చాలు, నొప్పి, ఒంటికి, ఎత్తుకో, ఇలా పదిహేను దాకా పంపాను. మూడోరోజు తీసుకురావడానికి వెళ్తే, ఆవిడ గ్లాసు చేతిలో పట్టుకుని వాణ్ణి "నీలూ?" అని అడుగుతున్నారు. వాడు తలూపి చెయ్యి చాపాడు.