సైన్యం వెళ్లిన దారినే ముప్పు తిరిగొస్తుందా? చర్చా పోటీకి దిగేవాళ్ల కోసం

"పరాయి దేశానికి సైన్యాన్ని పంపితే ఉగ్రవాదం మన గుమ్మంలోకి వస్తుంది." బెజవాడ, గుంటూరు కాలేజీల చర్చా పోటీల్లో ఈ అంశం ఏదో ఒక రూపంలో తగులుతూనే ఉంటుంది. గ్రూప్-1 వ్యాసానికి తయారయ్యేవాళ్లకూ పనికొచ్చేదే. వేదిక మీద మాత్రం ఎప్పుడూ ఒకటే పాట. అనుకూలం వాళ్లు ఇరాక్ అంటారు, ప్రతికూలం వాళ్లు సెప్టెంబరు 11 అంటారు, ఇద్దరూ గొంతు పెంచుతారు, గంట మోగుతుంది.

చిక్కంతా "జోక్యం" అన్న మాటలో ఉంది. కొద్ది రోజుల్లో ముగిసిన ఆపరేషనూ జోక్యమే, మూడేళ్లు పరాయి ఊళ్లలో గస్తీ తిరగడమూ జోక్యమే. రెంటినీ కలిపి వాదించడమంటే మిర్చి యార్డులో తాలు వేరు చేయకుండా టిక్కీ (బస్తా) మొత్తానికి ఒకే ధర చెప్పడమే. కొనేవాడు నమ్మడు, జడ్జీ నమ్మడు.

ముందు చేయాల్సిన పని ఇది. రఫ్ నోట్సు పేజీని అడ్డంగా తిప్పి ఆరు గళ్లు గీయండి. సైన్యం ఎప్పుడు వెళ్లింది, ఎన్నాళ్లుంది, దాడి ఎప్పుడు ఎక్కడ జరిగింది, చేసినవాళ్లు ఎక్కడివాళ్లు, కారణం ఏమని చెప్పుకున్నారు. ఇవి ఐదు. ఆరో గడిలో ఒక ప్రశ్న: సైన్యం వెళ్లకముందు కూడా ఇలాంటిది జరిగిందా? ఈ ఆరో గడి ఖాళీగా వదిలి వేదిక ఎక్కినవాళ్లే ప్రశ్నల సమయంలో దొరికిపోతారు.

మొదటి వరుసలో రాయాల్సింది ఇరాక్ కాదు, శ్రీలంక. మన సైన్యం, మన నేల, మన మాజీ ప్రధాని. 1987 జులై 29న కొలంబోలో ఒప్పందం మీద సంతకాలయ్యాయి, వెంటనే శాంతి సేన దిగింది. ఆయుధాలు అప్పగించాల్సిన తమిళ సాయుధ సంస్థ ఎల్టీటీఈతోనే అక్టోబరు నాటికి యుద్ధం మొదలైంది. ఒక దశలో 70 వేలకు పైగా సైనికులు అక్కడున్నారు. దాదాపు 1,200 మంది తిరిగిరాలేదు. 1990 మార్చి 24న చివరి దళం ఓడెక్కింది. 1991 మే 21 రాత్రి, విశాఖపట్నంలో ప్రచారం ముగించుకుని మద్రాసు వెళ్లిన రాజీవ్ గాంధీ శ్రీపెరంబుదూరు సభలో హత్యకు గురయ్యారు. సైన్యం తిరిగొచ్చిన 14 నెలల తర్వాత అన్నమాట. వెనక్కి రప్పిస్తే ముప్పు పోతుందని ఎవరైనా అంటే ఈ 14 నెలలు గుర్తుచేయండి.

ఇప్పుడు ఆరో గడి. శాంతి సేన వెళ్లడానికి మూడేళ్ల ముందే, 1984 ఆగస్టు 2న, మద్రాసు మీనంబాకం విమానాశ్రయంలో బాంబు పేలి 30 మందికి పైగా చనిపోయారు. అది కొలంబోకి చేరాల్సిన సామాను. శ్రీలంకలో తమిళులకు ప్రత్యేక దేశం (ఈలం) కోరిన సాయుధ వర్గాల్లో ఒకటి పెట్టింది. అంటే మన సైన్యం ఆ ద్వీపంలో కాలుపెట్టక ముందే హింస ఇక్కడికి వచ్చేసింది. దీన్ని దాచిపెట్టి వాదిస్తే కాకతాళీయమే. కాకి వాలింది, తాటిపండు పడింది, కాబట్టి కాకే పడేసిందన్నట్టు.

మరి మీనంబాకాన్ని అనుకూలం వాళ్లు ఎలా ఎదుర్కోవాలి? దాన్నే తమ వైపు తిప్పుకోవచ్చు. 1983 నుంచి ఆ సాయుధ వర్గాలకు మన గడ్డ మీదే శిక్షణ, ఆశ్రయం దొరికాయి. ఇళ్లు, పడవలు, డబ్బు చేతులు మారే దారులు తమిళనాడులో అప్పుడే ఏర్పడ్డాయి. జోక్యం 1987లో మొదలుకాలేదు, సైన్యం లేకుండా అంతకు ముందే మొదలైంది. ఆ దారుల్లోనే 1990 జూన్ 19న మద్రాసులో మరో తమిళ వర్గం ఈపీఆర్‌ఎల్‌ఎఫ్ నేత పద్మనాభను, ఆయన సహచరులను ఎల్టీటీఈ వాళ్లు చంపారు. శ్రీపెరంబుదూరుకు 11 నెలల ముందు మోగిన గంట అది. కొరివితో తల గోక్కోవడమంటే ఏమిటో ఈ వరుస చూస్తే తెలుస్తుంది.

దీని పక్కనే మాల్దీవులు పెట్టండి. 1988 నవంబరు 3న అధ్యక్షుడు గయూమ్ సాయం కోరారు. అదే రాత్రి ఆగ్రా నుంచి బయల్దేరిన పారాట్రూపర్లు హుల్హులే విమానాశ్రయంలో దిగారు. ఓడలో పారిపోయినవాళ్లను నౌకాదళం పట్టుకుంది. తిరుగుబాటుకు వచ్చిన కిరాయి సైనికులు కూడా శ్రీలంక తమిళ సాయుధ వర్గం వాళ్లే. అయినా ఆ పని మన దేశంలో ప్రతీకారంగా తిరిగిరాలేదు. 1971లో కూడా డిసెంబరు 3 నుంచి 16 వరకు యుద్ధం, మార్చి 1972కల్లా సైన్యం బంగ్లాదేశ్ నుంచి వెనక్కి. ఈ మూడింటినీ ఒక చోట పెట్టి చూస్తే, సరిహద్దు దాటడం కన్నా పరాయి జనం మధ్య పోలీసు పని నెత్తికెత్తుకుని కూర్చోవడమే కీడు తెచ్చిందని అర్థమవుతుంది. నా మాట అడిగితే అనుకూలం వాళ్లు మోషన్‌ని (చర్చాంశాన్ని) ఇక్కడికే కుదించుకోవాలి. "ఏ జోక్యమైనా" అని పట్టుకుంటే మాల్దీవుల దగ్గరే ఓడిపోతారు.

తూర్పు ఆఫ్రికా గురించి మన పోటీల్లో ఎవరూ మాట్లాడరు. పోల్చి చూడటానికి అంతకన్నా మంచి చోటు లేదు. శత్రువు ఒకడే, సోమాలియాలోని సాయుధ సంస్థ అల్ షబాబ్. సోమాలియాకు సైన్యం పంపిన దేశాలు మాత్రం అనేకం. కెన్యా 2011 అక్టోబరులో వెళ్లింది. 2013 సెప్టెంబరు 21న నైరోబీలోని వెస్ట్‌గేట్ మాల్‌లో 67 మంది, 2015 ఏప్రిల్ 2న గారిస్సా యూనివర్సిటీలో 148 మంది చనిపోయారు. ఉగాండా సైనికులు అంతకు ముందు నుంచే ఉన్నారు. 2010 జులై 11న ప్రపంచ కప్ ఫైనల్ చూస్తున్నవాళ్ల మీద కంపాలాలో బాంబులు పేలాయి, 70 మందికి పైగా పోయారు. బురుండి కూడా 2007 నుంచి సైనికులను పంపింది, భారీగా నష్టపోయింది. దాని రాజధానిలో మాత్రం వెస్ట్‌గేట్ లాంటిది జరగలేదు. ఇథియోపియా 2006 డిసెంబరులో దండెత్తింది, అయినా కెన్యా చూసిన స్థాయి దాడులు అక్కడ జరగలేదు.

ఎందుకని అడుగుతారు. సరిహద్దు అని తొందరపడకండి. ఇథియోపియాకు సోమాలియాతో పొడవైన సరిహద్దే ఉంది, ఉగాండాకు లేనే లేదు. అసలు తేడా చేరువ. దాడి చేసేవాడికి ఇక్కడ తలదాచుకునే చోటు, మనుషులు, లంచం తీసుకునే చెక్‌పోస్టు ఉన్నాయా లేదా అన్నది చూడాలి. కెన్యాలో ఇవన్నీ ఉన్నాయి. పైగా 2014లో ప్రభుత్వం నైరోబీలోని సోమాలీ పేటల మీద పడి వేల మందిని పట్టుకెళ్లి స్టేడియంలో ఉంచింది. అల్ షబాబ్ ప్రచారానికి అంతకన్నా ఏం కావాలి? అయితే ఆరో గడి ఇక్కడా ఉంది. 1998 ఆగస్టు 7న నైరోబీలో అమెరికా రాయబార కార్యాలయం పేలినప్పుడు కెన్యా సైనికుడు ఒక్కడు కూడా సోమాలియాలో లేడు.

ఐరోపా విషయంలో రెండు పొరపాట్లు పదే పదే వినిపిస్తాయి. మాడ్రిడ్ రైళ్ల పేలుళ్లు 2004 మార్చి 11న, ఎన్నికలు 14న. "బాంబులకు భయపడి స్పెయిన్ ఇరాక్ నుంచి తప్పుకుంది" అనేస్తారు. సోషలిస్టులు ఆ హామీ పేలుళ్లకు ముందే ఇచ్చారు. పైగా అప్పటి ప్రభుత్వం నేరాన్ని బాస్క్ సంస్థ ఈటీఏ మీదికి నెట్టబోయి జనం నమ్మకం పోగొట్టుకుంది. రెండోది లండన్. 2005 జులై 7న 52 మందిని చంపిన నలుగురిలో ముగ్గురు బ్రిటన్‌లోనే పుట్టారు. "ఇరాక్ వాళ్లొచ్చి చేశారు" అంటే మార్కులు పోయినట్టే. అనుకూలం వాళ్లకు ఇక్కడ బలమైన సాక్ష్యం దాడి కాదు, దాడికి ముందు రాసిన కాగితం. ఇరాక్ మీద యుద్ధం చేస్తే అల్ ఖైదా ముప్పు పెరుగుతుందని బ్రిటన్ నిఘా కమిటీయే 2003 ఫిబ్రవరిలో హెచ్చరించింది. బ్రిటన్ అంతర్గత నిఘా సంస్థ ఎంఐ5 మాజీ అధిపతి ఎలిజా మానింగ్‌హామ్ బుల్లర్ 2010లో ఇరాక్ విచారణ సంఘం ముందు ముప్పు బాగా పెరిగిందనే చెప్పారు. దాడి తర్వాత ఎవరైనా ఏదైనా అంటారు. ముందే అన్నది వేరే.

ప్రతికూలం వాళ్ల చేతిలో మంచి ముక్క మన దేశమే. 2003లో అమెరికా మనల్ని ఇరాక్‌కు ఒక డివిజన్ పంపమంది. ఐక్యరాజ్యసమితి ఆదేశం లేనిదే కుదరదని జులై 14న వాజపేయి ప్రభుత్వం చెప్పేసింది. ఒక్క సైనికుడు వెళ్లలేదు. 2006 జులై 11 ముంబై రైళ్లు, 2007 ఆగస్టు 25 హైదరాబాద్ లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2008 నవంబరు 26... ఏదీ ఆగలేదు. ఇరాక్ యుద్ధాన్ని వ్యతిరేకించిన జర్మనీలోనూ 2016 డిసెంబరులో బెర్లిన్ క్రిస్మస్ సంతలోకి లారీ దూసుకొచ్చింది. ఇంకో అడుగు వేసి, వెళ్లకపోవడానికీ ఖర్చుందని చెప్పండి. 2001 సెప్టెంబరు 11 కుట్ర నడిచింది అమెరికా సైన్యం వెళ్లని అఫ్గాన్ స్థావరాల నుంచే. అనుకూలం వాళ్లు వెంటనే 1990 నుంచి సౌదీలో ఉన్న అమెరికా సైన్యాన్ని ఎత్తుతారు. దానికి జవాబు సిద్ధంగా లేకపోతే ఈ ముక్క ఆడకండి.

ఇద్దరికీ వర్తించే మాట: ముప్పు పెరగడం, దాడి జరగడం ఒకటి కాదు. దాడి జరిగిన దేశాలనే లెక్కేసుకుని "చూశారా" అనడం, గెలిచిన లాటరీ టికెట్లు మాత్రమే చూపించడం లాంటిది. అందుకే బురుండి లాంటి వరుస ఒకటి మీ దగ్గర ఉండాలి.

ఆరు నిమిషాలిస్తే మొదటి నిమిషం నిర్వచనానికి, మూడు నిమిషాలు రెండే రెండు ఉదాహరణలకు, ఒకటిన్నర "ఎలా" అన్నదానికి, చివరి అర నిమిషం ఎదుటివాళ్ల అత్యంత బలమైన ఉదాహరణను ముందే ఎదుర్కోవడానికి. మూడో ఉదాహరణ ఇరికించాలని చూడకండి, తేదీలు తడబడతాయి. నిమిషానికి 100 మాటలు దాటితే వినేవాళ్లకు అంకెలు అందవు.

నిర్వచనానికి నిమిషమంతా ఎందుకంటారా? మన దగ్గర లాయర్లను జడ్జీలుగా పిలవడం మామూలే. రాజీవ్ హత్య కేసులో సుప్రీంకోర్టు 1999 మే 11న హత్య, కుట్ర నేరాలను ఖాయం చేసింది కానీ టాడా (అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టం) శిక్షలను కొట్టేసింది. ప్రభుత్వాన్ని బెదిరించడానికో, జనంలో భయోత్పాతం పుట్టించడానికో చేసినట్టు రుజువు కాలేదంది. "అది ఉగ్రవాద చర్యే కాదని కోర్టు చెప్పింది కదా?" అన్న ప్రశ్న ఆ కుర్చీలోంచి రావచ్చు. కోర్టు ఒక చట్టంలోని మాటలను కొలిచింది, మేం మొదటి నిమిషంలో చెప్పిన నిర్వచనం "రాజకీయ లక్ష్యంతో సాయుధ సంస్థ కావాలని చేసే హింస", 1992లో ఎల్టీటీఈని నిషేధించిందీ కేంద్ర ప్రభుత్వమే అనండి. పాతిక సెకన్లలో ముగించండి. మిగతా సమయం మీనంబాకానికి దాచుకోండి, తర్వాత అడిగేది అదే.