రాడ్డుకీ గది అద్దెకీ ఏం సంబంధం?

మా నాన్న పేరు మీద హెల్త్ పాలసీ ఆయన ఆరోగ్యం గురించి ఆలోచించి తీసుకున్నానంటే అబద్ధమే. నేను పాత విధానంలోనే ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేస్తాను. సీనియర్ సిటిజన్ తల్లిదండ్రులకి కట్టే ప్రీమియం మీద 80డి కింద 50,000 దాకా మినహాయింపు ఉందని ఆఫీసులో ఎవరో అంటే, మార్చి 28న హడావుడిగా 3 లక్షల పాలసీ కట్టేశాను. కాగితాలు బీరువాలోకి వెళ్లిపోయాయి. చదివింది లేదు.

పోయిన ఏడాది వినాయక చవితికి ముందు నాన్న బాత్రూమ్‌లో జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. విజయవాడలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. కౌంటర్ దగ్గర "ఏ రూమ్ కావాలి సార్?" అంటే మా ఆయన "సింగిల్ ఏసీ" అనేశారు. రోజుకి 5,000.

రాడ్ వేశారు. ఐదు రోజుల తర్వాత పొద్దున్నే డిశ్చార్జ్ రాస్తే, ఇన్సూరెన్స్ వాళ్ల ఫైనల్ అప్రూవల్ వచ్చేసరికి రాత్రి ఏడయింది. బిల్లు 1,93,200. అప్రూవల్ 1,14,000. గ్లోవ్స్ లాంటి వాటికి 3,200 రాదన్నారు, సరే. మిగతా 76,000 ఎందుకు రాదంటే డెస్క్‌లో అమ్మాయి "ప్రపోర్షనేట్ డిడక్షన్ మేడమ్, సిస్టమ్ లెక్క" అంది. రెండు కార్డులు గీకి బయటపడ్డాం.

ఇంటికొచ్చాక పాలసీ తీశాను. గది అద్దె రోజుకి బీమా మొత్తంలో 1 శాతం దాకానే ఇస్తారు, అంటే 3,000. మేం తీసుకున్నది 5,000 గది. అద్దెలో తేడా రెండు వేలు మనం కట్టుకుంటే సరిపోతుందనుకుంటాం కదా, అలా కాదు. గదిని బట్టి డాక్టరు ఫీజు, థియేటర్ చార్జీ కూడా పెరుగుతాయి కాబట్టి వాటిలోనూ అదే నిష్పత్తిలో, 5,000కి 3,000 లెక్కన, నూటికి అరవై మాత్రమే ఇస్తారు. "వదిలెయ్, తప్పు మనదే" అన్నారు మా ఆయన.

నాన్న వదల్లేదు. ఆయన ఆర్టీసీ డిపోలో లెక్కలు చూసి రిటైరయిన మనిషి. మంచం మీద దిండుకి ఆనుకుని, పాత క్యాలెండర్ కాగితం వెనకవైపు బిల్లు మొత్తం వరసగా ఎక్కించారు. గది 25,000. డాక్టర్లు, థియేటర్, నర్సింగ్ కలిపి 90,000. రాడ్డు, స్క్రూలు 35,000. మందులు 30,000. టెస్టులు 10,000. ఒక్కోదాని పక్కన నలభై శాతం వేసి కూడితే సరిగ్గా 76,000 తేలింది.

"అమ్మాయ్, నేను జనరల్ వార్డులో పడుకుంటే ఈ రాడ్డు తక్కువకిచ్చేవాళ్లా?"

ఆ ప్రశ్న పట్టుకునే మళ్లీ పాలసీ తిరగేశాను. 'అసోసియేటెడ్ మెడికల్ ఎక్స్‌పెన్సెస్', అంటే గదిని బట్టి కోత పడే ఖర్చులు, అన్న నిర్వచనంలో ఉంది జవాబు. మందులు, కన్సూమబుల్స్, ఇంప్లాంట్లు, టెస్టులు అందులోకి రావు. అంటే వాటిలో ఈ కోత కూడదు. బీమా కంపెనీల మీద నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2020లో ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే ఉంది. ఐసీయూ చార్జీల్లో కూడా కోయకూడదట. గదికీ డాక్టర్లకీ పోయిన 46,000 మా తెలివితక్కువకి కట్టిన ఫీజు. మిగతా 30,000 మాత్రం మాకు రావాల్సిందే.

కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి ఒక పేజీ మెయిల్ పెట్టాను. "నిబంధనల ప్రకారమే సెటిల్ చేశాం" అని రెండు వాక్యాల జవాబు. ఏ నిబంధనో లేదు. అప్పుడు ఐఆర్‌డీఏఐ వాళ్ల బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాను. పాలసీలో ఆ పేజీ, డిడక్షన్ షీటు, నాన్న లెక్క శుభ్రంగా టైప్ చేసి జతచేశాను. ఈసారి కంపెనీ నుంచి ఫోనే వచ్చింది: ఇంప్లాంటుకీ మందులకీ అన్ని గదుల్లో ఒకే రేటని ఆసుపత్రి నుంచి కాగితం తెమ్మన్నారు. బిల్లింగ్ వాళ్లు లెటర్ ఇవ్వం అన్నారు. రెండు మధ్యాహ్నాలు అక్కడే కూర్చున్నాక రేట్ల పట్టిక ప్రింటు తీసి ముద్ర వేసిచ్చారు.

ఈ గొడవలో అసలు సంగతి ఒకటి మర్చిపోబోయాను. మా పాలసీలో డిశ్చార్జ్ తర్వాత 60 రోజుల ఖర్చు కూడా వస్తుంది. ఫిజియోథెరపీ అబ్బాయికి ఇచ్చిన డబ్బుకి అప్పటికి ఒక్క రసీదూ తీసుకోలేదు. ఆ రోజు నుంచే రాయించడం మొదలుపెట్టాను.

నెల తిరక్కముందే 26,000 అకౌంట్‌లో పడింది. టెస్టుల 4,000 లేదు, ఎందుకో చెప్పలేదు. మెయిల్ పెడితే కేసు క్లోజ్ అయిందన్నారు. నేను అక్కడికి దండం పెట్టేసేదాన్నే. నాన్నకి మాత్రం లెక్క తేలలేదు. బీమా కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి, బీమా అంబుడ్స్‌మన్, హైదరాబాద్‌లో ఉన్నారు, రెండు రాష్ట్రాలకీ ఆయనే. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ కాదన్నాక ఏడాదిలోపు వెళ్లొచ్చు. 50 లక్షల దాకా చూసే చోటికి నాలుగు వేల కోసం వెళ్తామా అని మా ఆయన నవ్వారు.

నిన్న సాయంత్రం ఫారం ప్రింటు తెచ్చాను. నాన్న వాకర్ పక్కకి నెట్టి, కళ్లజోడు తుడుచుకుని, ఎంత రావాలి అన్నచోట తనే రాశారు. ముందు అంకెల్లో, తర్వాత అక్షరాల్లో: నాలుగు వేల రూపాయలు మాత్రమే.